అన్యాయం అంటే ఏంటో బొమ్మల పుస్తకంతో పిల్లలకి చెప్పడం ఎలా: మా మిద్దె మీద నేర్చుకున్నవి

నాలుగేళ్ల పిల్లకి అన్యాయం అంటే ఏంటో మీరు కొత్తగా నేర్పక్కర్లేదు. డబ్బాలో మూడు నిప్పట్లు ఉన్నప్పుడు రెండు అన్నకిచ్చి ఒకటి చెల్లికిచ్చి చూడండి, వీధి చివరిదాకా వినపడుతుంది. అదే పక్కింటి పిల్లాడికి తక్కువొచ్చిందనుకోండి, తన వాటా నములుతూ చూస్తూ కూర్చుంటుంది. ఈ దూరం తగ్గించడానికి నాకు తెలిసినంతలో బొమ్మల పుస్తకాన్ని మించింది లేదు, ఎందుకంటే అక్కడ తక్కువొచ్చిన పిల్లాడి మొహం పేజీ నిండా ఉంటుంది, పక్కకి తిరిగిపోవడానికి వీల్లేదు.

మాది తిరుపతి. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె మీద చాప పరిచి మా పాపకి, కింద పోర్షన్ పిల్లలకి, పక్క వీధి నుంచి వచ్చే ముగ్గురు నలుగురికి పుస్తకాలు చదవడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. నేను టీచర్ని కాదు. చేసిన తప్పులే ఎక్కువ, అవి మీరు చేయకుండా ఉంటారని రాస్తున్నా.

ముందు పుస్తకాలు

పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. 2015 నుంచి నడుస్తోంది, తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి విడివిడిగా పెట్టారు, ఫోన్లోకి దించుకుని ప్రింటు తీసుకోవచ్చు, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, లైసెన్సే అలా ఇచ్చారు. కొనగలిగితే ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలికా వాళ్ల తెలుగు పుస్తకాలు చూడండి. ఇంట్లో ఒకరికి తెలుగు, ఒకరికి ఇంగ్లీషు సులువైతే తూలికా వాళ్లవి ఒకే పేజీలో రెండు భాషలూ ఉండేవి దొరుకుతాయి.

కలర్ ప్రింటుకి జిరాక్స్ షాపువాడు చెప్పిన రేటు విని నేను బ్లాక్ అండ్ వైట్‌లో తీయించి, పిల్లలకి రంగులు వేయమని ఇచ్చాను. పొదుపు కోసం చేసిన పని, కానీ ఆ సాయంత్రం నాకు ఏ పుస్తకమూ ఇవ్వని పాఠం వచ్చింది. అందరూ మొహాలన్నిటికీ ఒకటే క్రేయాన్ అడుగుతున్నారు, "స్కిన్ కలర్ ఎవరి దగ్గరుంది, స్కిన్ కలర్ ఇవ్వు" అని లాక్కుంటున్నారు. లేత గులాబీ రంగు క్రేయాన్ అది. మా పాప దాన్ని తన మోచేతి మీద పెట్టి చూసింది, పక్క పిల్ల చేతి మీద పెట్టింది, తర్వాత వరసగా అందరి చేతుల మీదా పెట్టుకుంటూ వెళ్లి, "ఇది ఎవరి స్కిన్‌మా?" అంది. నేను ఏమీ అనలేదు. రెండు రకాల బ్రౌను, కొంచెం పసుపు ముందుకు తోశాను, అంతే. మీరూ అంతకన్నా ఎక్కువ చేయకండి.

పుస్తకం ఎంచుకునేటప్పుడు మాటలకన్నా ముందు బొమ్మలు చూడండి, షాపులో నిలబడే చేసేయొచ్చు. పని చేస్తున్నది ఎవరు, మాట్లాడుతున్నది ఎవరు, ఊరికే వెనకాల నిలబడింది ఎవరు? పేద పిల్లాడు ఉంటే, చివర్లో ఎవరో దయ తలిచి పలకో చొక్కానో ఇవ్వడానికే ఉన్నాడా, వాడికంటూ ఒక అల్లరి, ఒక ఇష్టం ఉన్నాయా? చక్రాల కుర్చీలో ఉన్న పాప ఆటలో ఉందా, జాలిపడటానికి ఒక పేజీలో కనపడి పోతోందా? నల్లగా ఉన్నది దొంగలూ రాక్షసులేనా? తర్వాత చివరి పేజీ తిప్పండి. "నీతి" అని విడిగా రాసి ఉంటే నేనైతే అక్కడే పెట్టేస్తాను.

రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికా ప్రొఫెసర్ 1990లో ఒక వ్యాసంలో పిల్లల పుస్తకం కొందరికి తమ బతుకే కనపడే అద్దం, కొందరికి ఇతరుల బతుకు కనపడే కిటికీ, కొన్నిసార్లు తెరుచుకుని అవతలికి వెళ్లగలిగే తలుపు అని రాశారు. నేను పుస్తకాలు రెండు దొంతరలు పెట్టుకునేది ఆ లెక్కనే. అద్దం ఎంత పని చేస్తుందో ఒకసారి చూశాను. మా దగ్గరికొచ్చే ఒకమ్మాయి వాళ్లమ్మ బస్టాండ్ దగ్గర పూలమ్ముతుంది, పిల్ల ఆరు వారాలు వచ్చినా నోరు విప్పలేదు. ఒక పుస్తకంలో పూలు కడుతున్న అవ్వ బొమ్మ వచ్చింది. ఆ పిల్ల లేచి నిలబడి "ముడి అట్ల ఎయ్యరు" అంది. బొమ్మ గీసినాయన తప్పు గీశాడన్నమాట. కుండీలోంచి నాలుగు గడ్డిపోచలు పీకి, ఎడమచేతి వేళ్ల మధ్య దారం బిగించి, పోచలు జతలుగా పెట్టి, దారం చుట్టి లాగి చూపించింది. ఇంగ్లీషు మీడియం పిల్లలందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు, ఒక్కళ్లకీ రాలేదు. తర్వాతి వారం నుంచి ఆ పిల్లని ఆపడం నా వల్ల కాలేదు.

చదవడానికి ముందు రోజు

పిల్లలు పడుకున్నాక పుస్తకాన్ని ఒకసారి మీరొక్కరే గట్టిగా చదవండి. గొంతు ఏ మాట దగ్గర ఆగుతుందో అక్కడే మీకు పని ఉంది. నాకు "కులం" దగ్గర ఆగింది. దాటేసి "కొంతమందిని" అని చదివేద్దామనుకున్నా, కానీ దాటేస్తే పిల్లలకి తెలుస్తుంది, ఇదేదో అనకూడని మాట అని కూడా తెలుస్తుంది. అందుకని ఒక వాక్యం తయారుచేసి పెట్టుకున్నా: "పుట్టుకను బట్టి వీళ్లు ఎక్కువ, వాళ్లు తక్కువ అని కొందరు లెక్కగట్టారు, దాన్ని కులం అన్నారు, ఆ లెక్క తప్పు, అంటరానితనం చేస్తే చట్టప్రకారం నేరం, అయినా ఇంకా చేస్తున్నారు." చివరి ముక్క మాత్రం వదలకండి. "ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు" అని చెప్పారంటే రేపు బయట చూసినప్పుడు మీ మాట నమ్మరు.

వయసు సంగతి. అయిదేళ్లలోపు వాళ్లకి పంచుకోవడం, రంగులు, ఆటలో చేర్చుకోవడం చాలు, దెబ్బలూ చావులూ వద్దు. ఆరేడేళ్లకి నిజమైన మనుషుల కథలు చెప్పొచ్చు. వరసగా ఏడుపు పుస్తకాలు మాత్రం పెట్టకండి, నేను ఒక నెల అలా పెడితే పిల్లలు మిద్దె ఎక్కడం మానేశారు. ఇప్పుడు ఒక అన్యాయం పుస్తకానికి మూడు ఏనుగుల పుస్తకాలు.

చదివేటప్పుడు

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ వరసల్లో గళ్లు, గడి కింద తెలుగులో ఒక ముక్క రాసి ఉంటుంది. ఒకరు వేలు పెట్టి చూపిస్తూ ఒక్కో గడి దగ్గరా ఆగి కథ చెప్తుంటే మిగతావాళ్లు వినొచ్చు. బొమ్మల పుస్తకం చదవాల్సింది కూడా అలాగే, వేలితో, ఆగుతూ. మన తప్పేంటంటే అక్షరాలు చదివేసి పేజీ తిప్పేస్తాం.

మొదటిసారి అక్షరాలు అసలు చదవకండి. బొమ్మలు మాత్రం తిప్పుతూ రెండే ప్రశ్నలు అడగండి: ఇక్కడ ఏం జరుగుతోంది, అది నీకు ఎక్కడ కనపడింది? అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోండి. పది చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మూడు దగ్గరే మనమే జవాబు చెప్పేయాలనిపిస్తుంది, ఓర్చుకోండి. రెండోసారి కథ చదివాక మూడో ప్రశ్న: ఈ పేజీలో ఎవరు మాట్లాడలేదు? ఇక్కడ పిల్లలు చెప్పేవి వింటే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది, రాజుగారి రథం తోలేవాణ్ణి, పెళ్లి భోజనాల వెనకాల అంట్లు తోముతున్న ఆవిణ్ణి వాళ్లే పట్టుకుంటారు. "దీన్నిబట్టి మనకేం తెలిసింది?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకి బళ్లో అలవాటైన జవాబు ఒకటి ఉంటుంది, "అందరూ సమానమే మిస్", అది చెప్పేసి బొరుగుల గిన్నె వైపు చూస్తారు.

ఒక్క హీరోతో సరిపెట్టకండి

నాకు ఎక్కువ గొడవ ఉన్నది ఇక్కడే. ఉద్యమాల మీద వచ్చే బొమ్మల పుస్తకాలు చాలావాటిలో మంచి మనిషి ఒక్కరు వచ్చి, ధైర్యంగా ఒక మాట అని, లోకాన్ని మార్చేసి వెళ్లిపోతారు. రోసా పార్క్స్ పేరు వినే ఉంటారు, 1955 డిసెంబరు 1న అమెరికాలో మాంట్‌గోమరీ ఊళ్లో బస్సులో తెల్లవాళ్లకి సీటు ఇవ్వనన్నందుకు అరెస్టయింది. పిల్లలకి ఆ బస్సు బొమ్మ బాగా నచ్చుతుంది. కానీ ఆ తర్వాత 381 రోజులు ఆ ఊరి నల్లజాతి జనం బస్సెక్కకుండా నడిచారు, కార్లు పంచుకున్నారు. పుస్తకంలో లేకపోతే మీరు చెప్పండి. నేను చెప్పినప్పుడు ఒక పిల్లాడు, "381 రోజులంటే మళ్లీ నా బర్త్‌డే వచ్చేస్తుందే" అన్నాడు, మరొకడు "వానొస్తే?" అన్నాడు. అలిపిరి మెట్లు ఒకసారి ఎక్కిన పిల్లలకి నడవడం అంటే ఏంటో కాళ్లకి తెలుసు కాబట్టి ఆ లెక్క బాగా పట్టింది.

మన గంగజాతర కథనే తీసుకోండి. పాలెగాడు ఆడపిల్లల్ని పట్టి పీడిస్తుంటే గంగమ్మ రోజుకో వేషం కట్టి వెతికి వాణ్ణి చంపిందని తిరుపతిలో ప్రతి పిల్లకీ తెలుసు, వేషాలు కట్టిన మగవాళ్లని వీధుల్లో చూస్తూనే పెరుగుతారు. గంగమ్మ రాకముందు ఊళ్లోవాళ్లు ఏం చేస్తున్నారు అని అడగండి. మా దగ్గర మొదట "భయపడుతున్నారు" అన్నారు, కాసేపటికి "కొంతమంది వాడితో ఫ్రెండ్స్ అయ్యుంటారు" అని ఒకమ్మాయి అంది. ఎనిమిదేళ్ల పిల్ల. నేను నీళ్లు తాగాను.

సావిత్రిబాయి ఫూలే కథ ఆరేడేళ్ల వాళ్లకి బాగా ఎక్కుతుంది. 1848లో పుణెలో ఆడపిల్లలకి బడి పెట్టారు, ఆమె బడికి వెళ్తుంటే దారిలో పేడ, మట్టి విసిరేవాళ్లు, అందుకని సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేది. పిల్లలకి గుర్తుండేది ఆ రెండో చీరే. అమెరికాలో నల్లజాతి పిల్ల రూబీ బ్రిడ్జెస్ కథ ఇంకా దగ్గర, ఎందుకంటే ఆమెకి అప్పుడు ఆరేళ్లే. 1960 నవంబరు 14న, సరిగ్గా మనం బాలల దినోత్సవం చేసుకునే రోజున, న్యూ ఆర్లియన్స్‌లో అప్పటిదాకా తెల్లపిల్లలే చదివిన బడికి మార్షల్స్ కాపలాతో వెళ్లింది. తెల్లపిల్లల తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించేశారు, ఆ ఏడాది ఒక్క టీచరు దగ్గర ఒక్కతే కూర్చుని చదువుకుంది. మావాళ్లు కాపలావాళ్ల గురించి అడగలేదు, "మరి ఆ పాపతో ఎవరు ఆడుకున్నారు?" అన్నారు.

అంత దూరం ఎందుకు, పక్కనే నెల్లూరు జిల్లాలో దూబగుంట ఉంది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్ల వాచకంలో సారా మీద ఒక పాఠం ఉంది, అది చదివి ఇది మన కథే కదా అనుకుని ఊళ్లో సారా అంగడి మూయించారు. 1992లో రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలబడితే అది ఊరూరికీ పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. పుస్తకంలో ఒక పాఠం ఇంత పని చేసిందని చెప్తే పిల్లలకన్నా నాకే ఎక్కువ ఉషారొస్తుంది.

మీ ఇంటి మీదికి వస్తుంది, రెడీగా ఉండండి

అంబేడ్కర్ చిన్నప్పటి కథ చదివిన రోజు రెండు జరిగాయి. బళ్లో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్ట మీద విడిగా కూర్చోవాలి, దాహమేస్తే ప్యూను పైనుంచి పోస్తేనే నీళ్లు, ప్యూను రాని రోజు నీళ్లు లేవు. కథ అవగానే ఒక అబ్బోడు వరసగా అందర్నీ "మీ కులమేంది, మీ కులమేంది" అని అడగడం మొదలుపెట్టాడు. ఇద్దరు చెప్పేశారు, పూలమ్మాయి తల దించుకుంది. నేను ముందే ఊహించాల్సింది, ఊహించలేదు. "నాయినా, అలా అడగడంతోనే ఆ గోనెపట్ట మొదలైంది" అని చెప్పి ఆపాను, కానీ ఆ పిల్ల ఆ తర్వాతి వారం రాలేదు, వాళ్లింటికి వెళ్లి పిలుచుకొచ్చాను. కాబట్టి ఈ పుస్తకం తెరిచే ముందే చెప్పేయండి: ఇక్కడ ఎవరూ ఎవరి కులమూ అడగకూడదు, చెప్పక్కర్లేదు. ఉదాహరణకి మీ ముందు కూర్చున్న పిల్లని ఎప్పుడూ చూపించకండి.

రెండోది ఇంట్లో. మర్నాడు పొద్దున మా పాప వరండా కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆ కిటికీ గూట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది, అంచు కాస్త సొట్ట, అంట్లు తోమడానికి వచ్చే అక్కకి అందులోనే టీ. నేను పెళ్లై వచ్చేసరికే అక్కడుంది. "ఇది లోపల ఎందుకు పెట్టలేదు?" అంది. నేను చటుక్కున "ఎవరి గ్లాసు వాళ్లకి ఉంటే శుభ్రం కదా నాన్నా" అన్నాను. "మరి నీ గ్లాసు ఏ కిటికీలో ఉంది?"

మూడు రోజులు ఆ గూటి వైపు చూడకుండా తిరిగాను. తర్వాత మా అత్తతో అన్నాను. "మీ మామ ఉన్నప్పటి నుంచీ అంతే, ఇప్పుడు దాన్ని కదిలిస్తే ఏమొస్తుంది" అంది, కోపంగా కాదు, అలసటగా. నేను గ్లాసు లోపలికి తెచ్చి మిగతావాటితో కలిపేశాను, పాపకి "నేను నీకు అబద్ధం చెప్పాను, అది శుభ్రం కోసం కాదు" అని చెప్పాను. ఇదే కష్టమైన స్టెప్, దీనికి అడ్డదారి లేదు, మీ ఇంట్లో ఏది బయటపడితే దానికి ఇదే చేయాలి. అక్క మొదటిరోజు లోపలి గ్లాసులో ఇచ్చిన టీ పట్టుకుని మళ్లీ ఆ వరండాలోకే వెళ్లి నిలబడి తాగింది, "నాకు ఈడనే గాలొస్తాదిమా" అంది. ఇప్పటికీ అక్కడే తాగుతుంది. అంబేడ్కర్ పెద్దయ్యాక, 1927లో, అంటరానివాళ్లని తాగనివ్వని మహాడ్ చెరువుకి వేలమందితో నడిచి వెళ్లి నీళ్లు తాగిన బొమ్మ చూపించినప్పుడు పాప అక్కని కూడా పిలుచుకొచ్చింది. అక్క బొమ్మ చూసింది, "ఎంతమంది జనమో" అంది, ఇంకేమీ అనలేదు.

చుట్టాలు "ఇప్పట్నించే పిల్లలకి రాజకీయాలా" అంటారు. వాదించకండి, పుస్తకం వాళ్ల చేతికిచ్చి పిల్లలకి చదవమనండి. చాలామంది చదువుతారు.

చేతికి పని

పుస్తకాలు లేని కథలకి పుస్తకం చేయించండి. ఏ ఫోర్ కాగితం ఒకటి. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు వస్తాయి. అడ్డంగా ఒకసారి మడిచి, మడత వైపు నుంచి మధ్య గీత వెంబడి సగం దాకా కత్తిరించండి. విప్పి, నిలువుగా మడిచి, రెండు చివరలూ పట్టుకుని లోపలికి తోస్తే ఎనిమిది పేజీల పుస్తకం వస్తుంది, పిన్నులు కూడా అక్కర్లేదు. దూబగుంట కథ మావాళ్లు అలాగే గీశారు, సారా అంగడికి ఎంత పెద్ద తాళం వేశారంటే పేజీలో అంగడి కనపడదు.

పుస్తకాన్ని వీధితో కలపండి. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ వర్కర్లు సమ్మెకి దిగి 42 రోజులు చేశారు, ఆ నెలాఖరుకి మున్సిపల్ కార్మికులూ దిగారు. మూల మీద కసువు గుట్టలు పడితే పిల్లలు ముక్కు మూసుకుని "ఎందుకు ఎత్తడంలేదు" అన్నారు. ఎత్తేవాళ్లు జీతం సరిగా ఇవ్వమని, పర్మనెంట్ చేయమని అడుగుతున్నారని చెప్పాను. "అడిగితే ఇస్తారా?" "ఒక్కరు అడిగితే వినపడలేదంట, అందుకని అందరూ ఒకేసారి మానేశారు." అప్పటికి బస్సు కథ విని ఉన్నారు కాబట్టి నేను ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్లల్ని ధర్నాకి తీసుకెళ్లమని నేననను, దారిలో టెంటు కనపడితే ఆగి ఏం రాశారో బోర్డు చదివించండి.

చివరగా, పిల్లలే ఒక అర్జీ రాయాలి. విషయం వాళ్లదే ఉండాలి, మీది కాకూడదు. మావాళ్లు పార్కులో నీళ్ల కుళాయి చిన్నపిల్లలకి అందడం లేదని రాశారు. మీరు చెప్పాల్సినవి నాలుగే: ఏంటి సమస్య, ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏం చేయమంటున్నారు. అక్షర దోషాలు దిద్దకండి, కింద అందరి సంతకాలూ పెట్టించండి, రాయడం రానివాళ్లవి చేతి ముద్రలు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు ఉంటుంది, బడికి సెలవున్న సోమవారం చూసి వెళ్లండి. అర్జీ పెట్టాం, అయిపోయింది, ఇక కుళాయి దిగిపోతుందని మాత్రం మాట ఇవ్వకండి. మాది మొదటిసారి ఇచ్చిన చోట "చూస్తాం" అన్నారు, ఏమీ కాలేదు, పిల్లలకి అదే చెప్పాను. రెండోసారి రాశారు, ఈసారి ఎత్తు టేపు పెట్టి కొలిచి అంకె వేశారు, పక్కన మా ఇంట్లో చిన్నది ఎంత ఎత్తుందో కూడా వేశారు. రసీదు ఇస్తే దాని నంబరు ఫోటో తీసి పెట్టుకోండి, నెల తర్వాత వెళ్లి అడగడానికి అదే కావాలి.